తివాచీ నేతగాళ్ళ వంశచరిత్ర: ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వలసవెళ్ళిన శ్రామిక కుటుంబాల అన్వేషణ - ఆధారాలు, పరిమితులు

వ్యాససంగ్రహం:

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కిడ్డర్‌మిన్‌స్టర్ మొదలైన పట్టణాల నుంచి అమెరికా ఈశాన్య రాష్ట్రాలకు వెళ్ళిన తివాచీ నేతగాళ్ళ కుటుంబ చరిత్రను పునర్నిర్మించడానికి ఏయే పత్రాలు ఉపకరిస్తాయో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. వలసపత్రాల్లో కనిపించే మౌనానికి గుమాస్తాల అజాగ్రత్త కంటే ఆనాటి చట్టాలే ప్రధానకారణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వంశచరిత్ర, తివాచీ పరిశ్రమ, వలస, కిడ్డర్‌మిన్‌స్టర్, జనాభా లెక్కలు, ఒప్పంద శ్రామిక చట్టం.

1. ఉపోద్ఘాతం

అమెరికా తివాచీ పరిశ్రమ చరిత్ర సాధారణంగా యజమానుల చరిత్రగానో, యంత్రనిర్మాతల చరిత్రగానో మనకు లభిస్తుంది. మరమగ్గాన్ని రూపొందించిన ఎరాస్టస్ బిగెలో, థామ్సన్‌విల్‌లో కర్మాగారం స్థాపించిన ఆరిన్ థామ్సన్, యాంకర్స్‌కు చెందిన అలెగ్జాండర్ స్మిత్ - ఈ పేర్లు గ్రంథాల్లో స్థిరపడ్డాయి. వారి మగ్గాల ముందు నిలబడినవారి పేర్లు స్థిరపడలేదు. ఆ పేర్లను వెలికితీసే పని నేడు ఎక్కువగా వారి వారసులే చేస్తున్నారు. ఒకరు చేసిన తప్పుగుర్తింపును వందమంది నకలు చేసుకోవడం వల్ల, నిజంగా బ్రతికిన ఒక నేతగాడి జీవితం మరొకరి వంశవృక్షంలో కలిసిపోయే ప్రమాదం ఏర్పడింది. కాబట్టి ఈ రంగంలో ఆధారాల విమర్శ అత్యవసరం.

2. నేతగాళ్ళు ఎందుకు కదిలారు?

కిడ్డర్‌మిన్‌స్టర్ వూస్టర్‌షైర్ మండలంలోని పట్టణం. అక్కడ 1749లో బ్రస్సెల్స్ రకం మగ్గాన్ని ప్రవేశపెట్టిన తరవాత అది బ్రిటన్ తివాచీ పరిశ్రమకు కేంద్రంగా ఎదిగింది. 1828లో యజమానులు గజానికి 12 పెన్నీలున్న నేతకూలిని 10 పెన్నీలకు తగ్గించారు. నేతగాళ్ళు దాదాపు ఐదునెలలపాటు మగ్గాలు దిగి సమ్మె చేసి, చివరకు ఓడిపోయారు. సరిగ్గా అదే సంవత్సరం అట్లాంటిక్ ఆవలి తీరాన రెండు సంస్థలు రూపుదిద్దుకున్నాయి. ఒకటి మసాచుసెట్స్‌లోని లోవెల్‌లోను, మరొకటి కనెటికట్‌లోని థామ్సన్‌విల్‌లోను. రెండవదానికి నేతగాళ్ళు ఇంగ్లండ్ నుంచి గాక స్కాట్లండ్‌లోని కిల్మార్నాక్ నుంచి వచ్చారు. 1833లో వారూ కూలికోసం సమ్మె చేశారు. యాజమాన్యం కుట్ర ఆరోపణతో న్యాయస్థానానికి వెళ్ళగా, 1836లో తీర్పు నేతగాళ్ళకే అనుకూలంగా వచ్చింది. ఇటువంటి వ్యాజ్యపత్రాల్లో సామాన్య శ్రామికుల పేర్లు నమోదవుతాయి. ఇతర పత్రాల్లో కానరాని వ్యక్తి ప్రతివాదిగానో, సాక్షిగానో దొరకవచ్చు.

రెండవ పెద్ద కదలికకు కారణం మరమగ్గం. బిగెలో 1840లలో రూపొందించిన యంత్రాలపై నేసిన తివాచీలు 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో అందరినీ ఆకర్షించాయి. (మన ఓరుగల్లు తివాచీలు కూడా అదే ప్రదర్శనకు వెళ్ళాయన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగినది.) హాలిఫాక్స్‌కు చెందిన క్రాస్లీ సంస్థ బ్రిటన్‌లో ఆ యంత్రంపై హక్కులను కొనుక్కొంది. మరమగ్గాలు పెట్టలేని కిడ్డర్‌మిన్‌స్టర్ చిన్న యజమానులు మూతపడ్డారు. 1851, 1861 జనాభా లెక్కల మధ్య ఆ పట్టణజనాభా తగ్గింది. తరవాత, అంతర్యుద్ధకాలం నుంచి అమెరికా విధించిన అధిక దిగుమతి సుంకాలు ఇంగ్లండ్ తివాచీకి దారి మూసి, నేతగాడికి మాత్రం దారి తెరిచాయి. సరుకు పోలేనిచోటికి పనివాడే వెళ్ళాడు.

3. మౌనం వహించే పత్రాలు

వలసపత్రాలను చదివేటప్పుడు పరిశోధకుడు ముందుగా అడగవలసిన ప్రశ్న "ఇందులో ఏముంది?" అన్నది కాదు, "ఈ మనిషికి ఏది చెప్పకపోవడం క్షేమం?" అన్నది.

1718 నుంచి 1824 వరకు నిపుణులైన పనివారు బ్రిటన్ విడిచి విదేశాల్లో వృత్తి చేయడాన్ని ఆంగ్లచట్టం నిషేధించింది. యంత్రాల ఎగుమతిపై ఆంక్షలు 1843 దాకా కొనసాగాయి. అయినా పనివారు వెళ్ళారు. ఆక్స్‌మిన్‌స్టర్ నుంచి వచ్చిన విలియం పీటర్ స్ప్రేగ్ ఫిలడెల్ఫియాలో కర్మాగారం పెట్టి, 1791లో అమెరికా సెనేట్ మందిరానికి తివాచీ నేయించాడు. స్ప్రేగ్ వంటివారు పేరు మోశారు కాబట్టి మిగిలారు. సామాన్య నేతగాడు ఓడ ఎక్కేటప్పుడు తన వృత్తిని "వ్యవసాయం" అనో "కూలి" అనో చెప్పుకోవడమే సులువు. అందుచేత 1824కు పూర్వపు ప్రయాణికుడు రైతుగా నమోదైనంత మాత్రాన అతడు నేతగాడు కాడని తోసిపుచ్చరాదు.

ఇంగ్లండ్ చట్టం సడలిన అరవైఏళ్ళకు అమెరికా చట్టం బిగిసింది. 1885లో వచ్చిన ఒప్పంద శ్రామిక చట్టం ముందుగా పని ఒప్పందం చేసుకొని విదేశీయులను రప్పించడాన్ని నిషేధించింది. అమెరికాలో ఇంకా నెలకొనని కొత్త పరిశ్రమకు అవసరమైన నిపుణులకు మినహాయింపు ఉన్నా, తివాచీ పరిశ్రమ అప్పటికే వేళ్ళూనింది. 1893 నుంచి ప్రయాణికుల జాబితాలో "ప్రయాణఖర్చు ఎవరు భరించారు?", "పని ఒప్పందం ఉన్నదా?" అనే ప్రశ్నలు చేరాయి. రెండో ప్రశ్నకు "అవును" అన్నవాడికి ఒడ్డు దక్కదు. కనుక దాదాపు అందరి సమాధానమూ "లేదు". ఈ సమాధానాన్ని చారిత్రకసత్యంగా స్వీకరించడం అమాయకత్వమే అవుతుంది. దాని పక్కనే ఉన్న మరో గడి ఎంతో విలువైనది. అమెరికాలో ఎవరి దగ్గరకు వెళ్తున్నారు, వారి చిరునామా ఏమిటి అన్నది అందులో ఉంటుంది. ఆ "బావమరిది" లేదా "స్నేహితుడు" ఏ కర్మాగారపు వీధిలో ఉన్నాడో నగర డైరెక్టరీలో వెతికితే, చెప్పని ఒప్పందం ఛాయామాత్రంగానైనా కనిపిస్తుంది.

దీనిని మనకు దగ్గరి ఉదాహరణతో పోల్చవచ్చు. 1860-1911 మధ్య మద్రాసు రేవు నుంచి నటాల్‌కు వెళ్ళిన తెలుగు ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, కులం, వయస్సు, ఒంటిమీది గుర్తులు సైతం ఉంటాయి. గుమాస్తాల చేతుల్లో అక్షరాలు వికృతమైనా, సమాచారం మాత్రం పుష్కలం. అక్కడ ఒప్పందమే చట్టం, ఆ ఒప్పందాన్ని అమలు చేయడానికి మనిషి ఆనవాలు కావాలి. స్వేచ్ఛగా వెళ్ళిన ఆంగ్లేయ నేతగాడి గురించి 1820 నాటి జాబితా చెప్పేది పేరు, వయస్సు, లింగం, వృత్తి, దేశం మాత్రమే. స్వేచ్ఛ తక్కువగా ఉన్నవారి ఆనవాళ్ళే ఎక్కువగా మిగలడం వంశచరిత్ర శాస్త్రంలోని ఒక విషాదం.

4. పేర్లు పట్టే భ్రమలు

ఈ రంగంలో స్థలనామాలు వలలవంటివి. వూస్టర్ అనే పేరు ఇంగ్లండ్‌లో ఒక నగరానిది. దాని చుట్టూ ఉన్న వూస్టర్‌షైర్ మండలాన్నీ పాతపత్రాలు క్లుప్తంగా అలాగే రాస్తాయి. మసాచుసెట్స్‌లో వూస్టర్ అనే నగరం ఉంది, అదే పేరుతో కౌంటీ ఉంది. బిగెలో సంస్థ పనిచేసిన క్లింటన్ ఈ కౌంటీలోనిదే. ఒక సంస్మరణ వార్తలో "వూస్టర్‌లో జన్మించారు" అని ఉంటే నాలుగు అర్థాలు సాధ్యం. కిడ్డర్‌మిన్‌స్టర్‌లో 1843లో పుట్టిన మాథ్యూ విట్టాల్ 1871లో అమెరికా వచ్చి, కొంతకాలానికి సొంత తివాచీ మిల్లులు నెలకొల్పినది కూడా వూస్టర్ నగరంలోనే. ఆయన స్వస్థలం నుంచి వచ్చిన నేతగాళ్ళు నగర దక్షిణభాగంలో ఆంగ్లేయ పేటగా స్థిరపడి, సెయింట్ మాథ్యూస్ ఎపిస్కోపల్ చర్చి చుట్టూ సమాజం నిర్మించుకున్నారు. ఒక వూస్టర్ నుంచి మరో వూస్టర్‌కు వచ్చిన ఈ కుటుంబాల విషయంలో దేశం పేరు లేని స్థలనామాన్ని ఆధారంగా తీసుకోరాదు.

కిడ్డర్‌మిన్‌స్టర్, విల్టన్, ఆక్స్‌మిన్‌స్టర్, బ్రస్సెల్స్ అనేవి ఊళ్ళ పేర్లే గాక నేతరకాల పేర్లు కూడా. "విల్టన్ నేతగాడు" అంటే విల్టన్ ఊరివాడని కాదు, కుచ్చు కోసి ముఖమల్‌లా చేసే తివాచీని నేసేవాడని అర్థం. కుచ్చు లేకుండా రెండు పొరలుగా నేసే ఇన్‌గ్రెయిన్ తివాచీకి కిడ్డర్‌మిన్‌స్టర్ అన్నది మరోపేరు. దీన్ని ఫిలడెల్ఫియాలోని కెన్సింగ్టన్ పేటలో చేతిమగ్గాలపై నేసినవారిలో ఐరిష్‌వారూ ఉన్నారు.

అంతకంటే సూక్ష్మమైన చిక్కు "తివాచీ నేతగాడు" అనే మాటలోనే ఉంది. అమెరికా పల్లెల్లో పాతబట్టలను పేలికలుగా చీల్చి, వాటిని పేకగా వేసి ఇంటిమగ్గం మీద తివాచీలు నేసే అలవాటు ఉండేది. పెన్సిల్వేనియా పల్లెలోనో, ఓహయోలోనో ఒక వృద్ధుడు లేదా వితంతువు ఈ వృత్తితో నమోదైతే, కిడ్డర్‌మిన్‌స్టర్‌తో సంబంధం ఊహించడానికి ముందు ఆ పరిసరాల్లో కర్మాగారం ఉన్నదా అని చూడాలి.

5. అన్వేషణ క్రమం

అమెరికా నుంచి వెనక్కి నడవడమే సరైన పద్ధతి. ప్రసిద్ధుడైన పూర్వికుణ్ణి ఇంగ్లండ్‌లో ఎంచుకొని ముందుకు నడిచేవారు దాదాపు ఎల్లప్పుడూ తాము కోరుకున్నచోటికే చేరుతారు.

అమెరికా జనాభా లెక్కల్లో 1850 నుంచి స్వతంత్రులైన ప్రతి ఒక్కరి పేరు, జన్మస్థలం ఉంటాయి. 1880లో కుటుంబపెద్దతో బంధుత్వం, తల్లిదండ్రుల జన్మదేశం చేరాయి. 1900లో పుట్టిన నెల, వలసవచ్చిన సంవత్సరం, తల్లికి పుట్టిన బిడ్డలెందరు, బ్రతికున్నవారెందరు అన్నవి చేరాయి. 1890 పత్రాలు 1921 అగ్నిప్రమాదం కారణంగా దాదాపు పూర్తిగా నశించాయి. యాంకర్స్, వూస్టర్ మిల్లులు విస్తరించిన ఇరవైఏళ్ళు ఈ విధంగా ఖాళీ అయ్యాయి.  వూస్టర్ విషయంలో ఏటేటా వెలువడిన నగర డైరెక్టరీలే శరణ్యం. వాటిలో అప్పుడప్పుడు ఫలానావారు ఫలానా ఊరికి వెళ్ళిపోయారనే గమనిక దొరుకుతుంది.

తివాచీ కుటుంబాలు ఒకచోట నిలవలేదు. ఒకే తల్లి పిల్లల జన్మస్థలాలను వరుసగా రాస్తే లోవెల్, థామ్సన్‌విల్, క్లింటన్, యాంకర్స్ అంటూ ఒక పటం ఏర్పడుతుంది. ఆ పటం ఒక్కోసారి ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్తుంది కూడా. అక్కడి లెక్కల్లో కిడ్డర్‌మిన్‌స్టర్ ఇంట "అమెరికాలో పుట్టిన" బిడ్డ కనిపిస్తే, ఆ కుటుంబం వెళ్ళి తిరిగివచ్చిందని గ్రహించాలి. వలసను ఒకవైపు ప్రయాణంగా భావించే పరిశోధకులు ఈ అడుగును వదిలేస్తారు.

మసాచుసెట్స్‌లో 1841 నుంచి జనన, వివాహ, మరణ నమోదు రాష్ట్రస్థాయిలో ఉంది. మరణపత్రంలో తల్లిదండ్రుల పేర్లుంటాయి. అయితే ఆ సమాచారమిచ్చినవారు ఇంగ్లండ్ చూడని కొడుకో, అల్లుడో కావచ్చు. పౌరసత్వ పత్రాల్లో 1906 సెప్టెంబరు మార్పులకు ముందు తరచుగా "గ్రేట్ బ్రిటన్ రాణి ప్రజ" అనడంతోనే సరి. ఆ తరవాతే ఊరు, ఓడ, తేదీ క్రమంగా కనిపిస్తాయి. సమాధిరాళ్ళు, సన్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ వంటి ఆంగ్లేయ సహాయసంఘాల పత్రాలు ఊరి పేరు ఇవ్వడంలో ప్రభుత్వపత్రాల కంటే ఉదారమైనవి.

ఊరు తేలిన తరవాతే సముద్రం దాటాలి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. నేటి జనన సూచికల్లో తల్లి పుట్టింటిపేరు కూడా ఉండడం జాన్, విలియం, థామస్‌లతో నిండిన ఊళ్ళో గొప్ప మేలు. 1841 జనాభా లెక్కలు పెద్దవారి వయస్సును ఐదు గుణిజానికి కుదించాయి, పుట్టినది అదే మండలమా కాదా అని మాత్రమే అడిగాయి. కిడ్డర్‌మిన్‌స్టర్‌కు ష్రాప్‌షైర్, స్టాఫర్డ్‌షైర్ సరిహద్దులు దగ్గర. ష్రాప్‌షైర్‌లోని బ్రిడ్జ్‌నార్త్‌లో కూడా తివాచీలు నేసేవారు. అందువల్ల "కాదు" అన్న జవాబు పరదేశీయుణ్ణి గాక పక్కఊరివాణ్ణి సూచించవచ్చు. మతం విషయంలోనూ జాగ్రత్త అవసరం. పదిహేడో శతాబ్దంలో రిచర్డ్ బాక్స్‌టర్ బోధించిన ఈ పట్టణంలో అధికారిక చర్చికి వెలుపలి సమాజాలు బలమైనవి. 1754-1837 మధ్య పెళ్ళి మాత్రం సాధారణంగా అధికారిక చర్చిలోనే జరగాలి. పెళ్ళి ఒక రిజిస్టరులో, పిల్లల బాప్తిస్మాలు మరో రిజిస్టరులో ఉండడం ఇక్కడ సహజం.

6. స్త్రీల ఆనవాళ్ళు

చేతిమగ్గం కాలంలో నేత పురుషుని పని. నూలు చుట్టడం, మగ్గం పక్కన చేయందించడం స్త్రీలకు, పిల్లలకు మిగిలేది. అమెరికా మరమగ్గం ఈ విభజనను తారుమారు చేసింది. యాంకర్స్‌లో 1885లో జరిగిన పెద్ద సమ్మెను నడిపినది తివాచీ నేసే స్త్రీలే. ఇంగ్లండ్‌లో మాత్రం స్త్రీలను మగ్గాల మీద నియమించినందుకు 1884లో కిడ్డర్‌మిన్‌స్టర్‌లో అల్లర్లు జరిగాయి. ఒకే కుటుంబంలో ఇంగ్లండ్‌లో ఉండిపోయిన అక్క "నూలు చుట్టే మనిషి"గా, అమెరికా వెళ్ళిన చెల్లెలు "తివాచీ నేతగత్తె"గా నమోదు కావడంలో వైరుధ్యమేమీ లేదు.

అయినా స్త్రీల జాడ త్వరగా తప్పుతుంది. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. 1922 దాకా భర్త పౌరసత్వంతోనే భార్య పౌరసత్వం ముడిపడి ఉండడంతో ఆమె పేరిట విడిగా పత్రం ఉండదు. జనాభా లెక్కల గుమాస్తా "తివాచీ మిల్లులో పని" అని రాసి ఊరుకుంటాడు. అందువల్ల పెళ్ళి సాక్షులు, బాప్తిస్మంలో నిలిచిన జ్ఞానమాతలు, ఇంట్లో అద్దెకున్న యువతులు - వీరందరి పేర్లను విడిగా రాసిపెట్టుకోవాలి. పెళ్ళికి ముందు ఒకే మగ్గపుశాలలో, ఒకే పేటలో ఉన్న ఇద్దరు స్త్రీలు అక్కచెల్లెళ్ళని తేలినప్పుడు, రెండు కుటుంబాలుగా అనుకున్నవి ఒకే కిడ్డర్‌మిన్‌స్టర్ ఇంటికి చేరుతాయి.