1 స్టార్ రివ్యూలో యూజర్ నిజంగా ఏం అడుగుతున్నాడు?

"వేస్ట్ యాప్. పనిచేయట్లేదు." ప్లే స్టోర్‌లో ఇలాంటి రివ్యూలు మీరూ చూసే ఉంటారు. కోపమొచ్చినప్పుడు రాసి కూడా ఉంటారు. చదివే డెవలపర్‌కి చిరాకే. కానీ యూజర్‌కి ఏం కావాలో చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

మన్ననూర్ రూట్‌తో చూద్దాం

మాది మన్ననూర్. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మా ఊరు దాటగానే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవిలోకి వెళ్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఇక్కడి చెక్‌పోస్ట్ దాటి బండ్లను పోనివ్వరు. అందుకే సాయంత్రం బస్సు ఎక్కడుందో తెలియడం మా వైపు వాళ్లకి చాలా ముఖ్యం.

ఆర్టీసీ 2023లో 'గమ్యం' యాప్ తెచ్చింది కదా, అలాంటి బస్ ట్రాకింగ్ యాప్ ఒకటి మీరే చేశారనుకోండి. ఒక రివ్యూ వచ్చింది: "మన్ననూర్ దాటాక బస్సు మ్యాప్‌లో కదలట్లేదు."

బగ్ అనుకుని కోడ్ అంతా వెతుకుతారు. ఏమీ దొరకదు. బస్సులోని జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, శాటిలైట్లు చాలు. కానీ ఆ లొకేషన్ సర్వర్‌కి చేరాలంటే మొబైల్ నెట్‌వర్క్ ఉండాలి. నల్లమలలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

మీరు టవర్ వేయలేరు. దోమలపెంటలో బస్సు కోసం నిలబడ్డ మనిషి అడిగేది కూడా టవర్ కాదు. "20 నిమిషాల క్రితం మన్ననూర్ దాటింది" అని ఒక్క లైన్ కనిపిస్తే చాలు. ఆ డేటా మీ సర్వర్‌లో ఇప్పటికే ఉంది!

రివ్యూలు ఎలా చదవాలి?

1. ముందు విడగొట్టండి. మాలేజ్, నబిల్ అనే పరిశోధకులు 2015లో రివ్యూలను 4 రకాలుగా చూశారు: బగ్ రిపోర్ట్, ఫీచర్ రిక్వెస్ట్, యూజర్ అనుభవం, ఉత్త రేటింగ్. పై రివ్యూ బగ్‌లా కనిపించే ఫీచర్ రిక్వెస్ట్ అన్నమాట.

2. పక్కనున్న వివరాలు చూడండి. ప్లే కన్సోల్‌లో ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్ కనిపిస్తాయి. ఫిర్యాదులన్నీ ఒకే మోడల్ నుంచి వస్తే ఆ ఫోన్‌లో టెస్ట్ చేయండి. రకరకాల ఫోన్ల నుంచి ఒకే ఊరి పేరు వస్తుంటే ఆ ఊరి పరిస్థితి ఏంటో చూడండి.

3. రిప్లైలో ప్రశ్న అడగండి. మీకు ఉండేది 350 అక్షరాలే. "మీ ఫీడ్‌బ్యాక్‌కి ధన్యవాదాలు" అని కాపీ-పేస్ట్ చేసే బదులు "ఎక్కడ, ఎప్పుడు ఇలా అయింది?" అని అడగండి.

రివ్యూ రాయని వాళ్ల సంగతి?

యాప్ అర్థంకాని పెద్దవాళ్లు రివ్యూ రాయరు. ఫోన్ జేబులో పెట్టుకుని పక్కనున్న వాళ్లని అడుగుతారు. వాళ్లకి ఏం కావాలో తెలియాలంటే ఒకసారి బస్టాండ్‌కి వెళ్లి కూర్చోవాల్సిందే.

ఇక యూజర్‌గా మీ వంతు: ఈసారి 1 స్టార్ ఇచ్చేటప్పుడు ఏ ఊళ్లో, ఏం చేస్తుంటే ఆగిపోయిందో కూడా రాయండి. ఆ ఒక్క లైన్ ఉంటే డెవలపర్ ఎక్కడ వెతకాలో తెలుసుకుంటాడు.