పాత క్లబ్ ఫొటోలు బీరువాలోనే ఉండిపోవాలా?

ఇంగ్లాండ్ సముద్రతీరంలోని బ్రైటన్ స్విమ్మింగ్ క్లబ్ 1860లో మొదలైంది. దాని పాత ఫొటోలు, రికార్డులు ఇప్పుడు ‘ది కీప్’ అనే ఆర్కైవ్స్ కేంద్రంలో ఉన్నాయి. స్థానిక కౌన్సిళ్లు, ససెక్స్ యూనివర్సిటీ కలిసి దాన్ని నడుపుతున్నాయి. సభ్యులే కాదు, ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

మీ క్లబ్‌లోనూ పాత ఫొటోలున్నాయా? ఇలా చేయండి:

• ఫొటోలో ఉన్నది ఎవరో పెద్దవాళ్లనే అడగండి. వాళ్ల మాటలను ఫోన్‌లో రికార్డు చేయండి.
• పేర్లు, ఊరు, సంవత్సరం ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. లామినేషన్ వద్దు.
• స్కాన్ చేసి, రెండు చోట్ల దాచండి.
• ఆర్కైవ్స్‌కు ఇచ్చేముందు యాజమాన్యం ఎవరిది, ఎవరు చూడొచ్చు అన్నది కాగితంపై రాయించుకోండి.

అన్నిటికంటే ముందు పేర్లు అడగండి. ఫొటో ఇంకొన్నేళ్లు ఆగుతుంది, చెప్పేవాళ్లు ఆగకపోవచ్చు.