మంచం దాకా రానిస్తారు, వంటింటి దాకా రానివ్వరు
(ఇళ్లలో నర్సింగ్ పని, కులం)

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని మనకో సామెత ఉంది. ఒప్పుకున్న పని ఎంత రోతగా ఉన్నా చెయ్యక తప్పదని చెప్పడానికి అందరూ దీన్ని వాడతారు. ఆ మంత్రసాని ఎవరు, ఆమెది ఏ కులం, ఆమె నిజంగా ఒప్పుకుందా లేక ఒప్పుకోక గతిలేకపోయిందా అన్న సంగతి మాత్రం సామెత చెప్పదు. పల్లెల్లో చాలాచోట్ల ఈ పని చేసింది మంగలి, మాల, మాదిగ ఆడవాళ్లు. బిడ్డని పట్టింది వాళ్లే, బొడ్డు కోసింది వాళ్లే, మాయ పాతిపెట్టింది వాళ్లే. పని అయిపోయాక వాళ్ల చేతికి చేటెడు గింజలో పాతచీరో ఇచ్చి పంపి, ఆ తర్వాత ఇంటివాళ్లు శుద్ధి చేసుకునేవాళ్లు.

ఇవాళ పురుళ్లు ఆస్పత్రులకి వెళ్లిపోయాయి. మంచం పట్టిన మనిషి ఒళ్లు పట్టే పని మాత్రం ఇంకా ఇళ్లల్లోనే ఉంది. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నాల్లో అది 'హోమ్ కేర్' పేరుతో వ్యాపారమైంది. మాల, మాదిగ పేటల నుంచి వచ్చిన ఆడవాళ్లు, వాళ్లతోబాటు బీసీ, గిరిజన కుటుంబాల ఆడవాళ్లు, కొద్దిమంది మగవాళ్లు ఈ పనిలో ఉన్నారు. అందరూ దీన్ని 'సేవ' అంటున్నారు. ఆ మాట వెనక రెండు సంగతులు కనబడకుండా పోతున్నాయని మేం అనుకుంటున్నాం. ఒకటి కూలి, రెండోది కులం.

ఆస్పత్రి తలుపు ఎలా తెరుచుకుంది

మన ఆడవాళ్లు నర్సింగ్‌లోకి ఎలా వచ్చారో ముందు చూడాలి. 1878 జులైలో ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. 1883లో అన్నా కుగ్లర్ అనే లూథరన్ డాక్టరు అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. 1898లో ఆమె ఆధ్వర్యంలో ఆస్పత్రి తెరిచారు. జనం దాన్ని కుగ్లర్ ఆస్పత్రి అన్నారు. మాల, మాదిగ పల్లెల్లో మిషను బళ్లు వచ్చాక, ఆ బళ్లలో చదువుకున్న ఆడపిల్లకి కూలిపని కాక మరో రెండు దారులు కనబడ్డాయి. ఒకటి టీచరు ట్రైనింగు, రెండోది నర్సు ట్రైనింగు.

ఈ రెండో దారిలో మనకి పోటీ తక్కువ. పరాయివాళ్ల ఒళ్లు ముట్టుకోవడం, మలమూత్రాలు ఎత్తడం తమ ఆడపిల్లలకి తగదని అగ్రకులాలు అనుకున్నంత కాలం ఆ ఖాళీ మనకి దొరికింది. అంటే, అంటరానితనం మన మీద పెట్టిన పనే ఆస్పత్రిలో నెలజీతం, తెల్లబట్టలు, 'సిస్టర్' అనే పిలుపు తెచ్చిపెట్టింది. ఇది చిన్న సంగతి కాదు. ఆ జీతంతో తమ్ముళ్లు చదువుకున్నారు, చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి.

ఆస్పత్రిలో కులం లేదని మేం అనడం లేదు. కానీ అక్కడ డ్యూటీ రిజిస్టరు ఉంటుంది, షిఫ్టు ఉంటుంది, యూనిఫాం ఉంటుంది, పక్క మంచం దగ్గర తోటి నర్సు ఉంటుంది. సూది వెయ్యడానికొచ్చిన నర్సుని మీదే కులమని వార్డులో అడగడం రోగికి అంత సులువు కాదు. ఇంటికి వెళ్లేసరికి ఈ కాపుదలలు పోతాయి. అక్కడ ఆమె ఒంటరి, ఆ ఇల్లు ఇంకొకరిది.

డ్యూటీ, ఏజెన్సీ, జీతం

ఇళ్లల్లో ఈ పని పెరగడానికి కారణాలు తెలిసినవే. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, తల్లిదండ్రులు ఇక్కడ ఫ్లాట్లో ఉంటారు. పక్షవాతం వచ్చినవాళ్లని, తుంటి ఎముక విరిగినవాళ్లని, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లని ఆస్పత్రిలో నెలల తరబడి ఉంచే స్తోమతు ఎవరికీ లేదు. ఇదివరకు ఈ చాకిరీ అంతా కోడలి మీద పడేది. ఆమెకి జీతం లేదు, కాదనే హక్కూ లేదు. కోడలు ఉద్యోగానికి వెళ్లాక ఇంట్లో మగవాళ్లు ఆ పని అందుకోలేదు. అది కులం మెట్లు దిగి మన ఆడవాళ్ల చేతికొచ్చింది.

ఏజెన్సీలు పంపేవాళ్లంతా ఒక్కటి కాదు. మూడేళ్ల జీఎన్ఎం చదివినవాళ్లున్నారు, ఏఎన్ఎంలున్నారు, ఇంటర్ వొకేషనల్లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చేసినవాళ్లున్నారు, ఏ చదువూ లేకుండా పనిలోనే నేర్చుకున్న అటెండెంట్లున్నారు. ఇంటివాళ్లకి ఈ తేడాలతో పనిలేదు. అవసరమొచ్చినప్పుడు అందరూ 'సిస్టరే', తర్వాత అందరూ 'ఆ అమ్మాయే'.

పనేమిటో కూడా చెప్పాలి. బీపీ, షుగరు చూడటం, ఇన్సులిన్ వెయ్యడం, ముక్కు గొట్టంలో ఆహారం పొయ్యడం, మూత్రం సంచి ఖాళీ చెయ్యడం, గొంతుకి రంధ్రం పెట్టినవాళ్లకి సక్షన్ మిషనుతో కఫం లాగడం, డయపర్లు మార్చడం, ఒళ్లు తుడవడం. అన్నిటికన్నా ముఖ్యమైనది, వీపు పుళ్లు పడకుండా రెండేసి గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పడం. తనకన్నా బరువైన మనిషిని ఒక్కతే తిప్పాలి. నడుం నొప్పి లేకుండా ఈ పని చేస్తున్నవాళ్లు అరుదు.

డ్యూటీలు రెండు రకాలు. ఒకటి పన్నెండు గంటలది, ఇంకోటి ఇరవైనాలుగు గంటలది. రెండోదాంట్లో, రాత్రి పడుకుంటుంది కదా అని లెక్కేస్తారు. రెండేసి గంటలకి లేచి మనిషిని తిప్పేవాళ్లకి నిద్రెక్కడిది? చాలా ఏజెన్సీల పద్ధతిలో డబ్బు ఇంటివాళ్ల నుంచి ఏజెన్సీకి వెళ్తుంది, అందులోంచి కొంత ఈమెకొస్తుంది. ఇంటివాళ్లు ఎంత కడుతున్నారో ఈమెకి చెప్పరు. ఈమెకెంత అందుతోందో వాళ్లకి తెలియదు. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఖాళీ రోజులకి జీతముండదు. మధ్యలో మానేసి వెళ్లిపోకుండా మొదటి నెల డబ్బో, అసలు సర్టిఫికెట్లో పట్టి ఉంచే ఏజెన్సీలున్నాయి.

రోగి చనిపోతే ఆ రోజుతో పని పోతుంది. రెండేళ్లు తల్లిలా చూసుకున్న మామ్మగారు తెల్లవారుజామున పోతే గొట్టాలు తీసేదీ, ఒళ్లు తుడిచేదీ, దవడ కట్టేదీ ఈమే. చుట్టాలు దిగేసరికి ఈమెని బయట నిలబెడతారు. మధ్యాహ్నానికి సంచి సర్దుకుని బస్సెక్కాలి. ఏడవడానికీ టైముండదు, మర్నాటి కూలికీ హామీ ఉండదు.

వంటింటి గడప

కొత్త ఇంట్లో మొదటి రోజు అడిగే ప్రశ్నలు ఈ పని చేసేవాళ్లందరికీ కంఠతా వచ్చు. ఏ ఊరమ్మా? ఇంటిపేరేంటి? చర్చికెళ్తారా? మీరు అన్నీ తింటారా? కులమేదని ఎవరూ సూటిగా అడగరు. ఈ నాలుగు ప్రశ్నలతో ఆ పని అయిపోతుంది. అందుకే మేరీ ఆ ఇంట్లో మాధవి అవుతుంది. నుదుట బొట్టు పెట్టుకుంటుంది, మెడలో సిలువ తీసి పర్సులో పెట్టుకుంటుంది. పేరు మార్చుకున్న మనిషి పొద్దస్తమానం జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ జాగ్రత్త కూడా శ్రమే. దానికి ఎవరూ జీతమివ్వరు.

తర్వాత గ్లాసు వేరు, కంచం వేరు. వాటిని కడిగి పెట్టుకునే చోటు బాల్కనీలో. ముక్కు గొట్టంలో పోసే జావ ఆమె చేతుల మీదుగానే రోగి కడుపులోకి పోవాలి. ఆ జావ కాచే పొయ్యి దగ్గరికి మాత్రం ఆమె రాకూడదు. పెద్దాయన్ని ఎత్తి స్నానం చేయించేది ఆమే. ఆ స్నానాలగది ఆమె వాడకూడదు.

ఇదంతా శుభ్రత కోసమే అంటారు. నర్సుకి శుభ్రత గురించి చెప్పాలా? చేతులెలా కడుక్కోవాలో, గ్లవ్స్ ఎప్పుడు మార్చాలో ఆ ఇంట్లో అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. సబ్బుతో పోయేది మురికి. ఎంత కడిగినా పోదని వాళ్లు నమ్మేది మైల. మొదటిది ఆరోగ్యశాస్త్రం, రెండోది మనుధర్మం. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటమే ఇవాళ్టి అంటరానితనం పద్ధతి.

అందరూ ఇలాగే ఉంటారని కాదు. తమతోబాటు కూచోబెట్టి అన్నం పెట్టే ఇళ్లున్నాయి. అయితే హక్కుగా దొరకాల్సింది మంచివాళ్ల దయ మీద ఆధారపడటమే అసలు బాధ.

ఒకరికొకరు

ఇంత ఒంటరి పనిలోనూ మన ఆడవాళ్లు కూడలి కట్టుకున్నారు. నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకి తీసుకుంటారు. అందరూ ఒకేసారి గదిలో ఉండేది తక్కువ. డ్యూటీ లేనివాళ్లు వండిపెడతారు, డ్యూటీలో ఉన్నవాళ్లు అద్దె కడతారు. చీటీలు వేసుకుంటారు. ఒకరికి ఊళ్లో చావో పెళ్లో వస్తే ఇంకొకరు ఆ డ్యూటీకి అడ్డుపడతారు. సక్షన్ ఎలా చెయ్యాలో అటెండెంటుకి ఫోన్లో చెప్పేది పాత నర్సే. ఏ ఇంట్లో తిండి సరిగా పెట్టరో, ఏ ఇంట్లో మగవాడి చెయ్యి మంచిది కాదో ఒకరి నుంచి ఒకరికి తెలుస్తుంది. ఆదివారం చర్చి దొరికితే అదే కలుసుకునే చోటు. ఇరవైనాలుగు గంటల డ్యూటీవాళ్లకి ఆదివారమే ఉండదు.

మన లోపాలూ మనం చెప్పుకోవాలి. చదివిన నర్సు అటెండెంటుని తక్కువగా చూడటం ఉంది. మాల, మాదిగ తేడాలూ, ఈ చర్చి ఆ చర్చి తేడాలూ గదిలోకీ వస్తాయి. ఈమె పట్నంలో ఎవరి తల్లినో చూసుకుంటుంటే ఊళ్లో ఈమె తల్లిని చూసుకోవడానికి ఈమె కూతురు బడి మానేసిన ఇళ్లున్నాయి. దాన్ని మనమూ సేవ అనే అంటున్నాం.

చట్టం ఎక్కడుంది

ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల జీతాల గురించి 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం కమిటీ వేసింది. యాభై పడకల్లోపు ఆస్పత్రిలో కూడా నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదని ఆ కమిటీ సిఫార్సు చేసింది. ఆ లెక్కంతా పడకల మీద వేసింది. ఒక్క పడక ఉన్న ఇల్లు అందులో లేదు. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల హక్కుల కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం చేసింది. మన దేశం అక్కడ అనుకూలంగా ఓటేసింది గానీ దాన్ని ఆమోదించలేదు.

పనికొచ్చే చట్టం ఒకటుంది. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఇల్లు కూడా పనిచోటే. జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఈ సంగతి ప్రతి గదిలో అందరికీ తెలియాలి.

కులం పేరుతో అవమానిస్తే? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులకి దక్కింది బీసీ-సీ కింద ఒక్క శాతం. 2022లో కేంద్రం దీనిమీద బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం తీసుకున్న వ్యక్తికి 1989 అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. అంటే, గ్లాసు వేరుగా పెట్టే ఇంట్లో ఆమె క్రైస్తవురాలైనా మాల, మాదిగే. కోర్టులో ఆమె మాల, మాదిగైనా క్రైస్తవురాలే.

ఏం అడగాలి

సావిత్రీబాయి ఫూలే 1897లో పూనాలో ప్లేగు రోగుల్ని చూసుకుంటూ అదే జబ్బుతో చనిపోయారు. అంటరాని కులం పిల్లవాణ్ణి వీపున మోసుకుని వైద్యానికి తెచ్చారామె. దాన్ని సేవ అనండి, మాకు అభ్యంతరం లేదు. ఆమె కులం గీత దాటడానికి ఆ పని ఎంచుకున్నారు. మన ఆడవాళ్లకి ఆ గీత లోపలే ఉండమని పని ఇస్తున్నారు. ఆ తేడా మరిచిపోకూడదు.

అడగాల్సినవి కొత్తవేం కాదు. ఇంటివాళ్లు ఎంత కడుతున్నారో, అందులో కార్మికురాలికి ఎంతో రాసిన కాగితం ఇద్దరికీ ఇవ్వాలి. రాత్రి మేలుకొలుపుకి వేరే కూలి ఉండాలి. వారానికో సెలవు కావాలి. సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదు. రోగి చనిపోతే కొన్ని రోజుల జీతం చెల్లించాలి. ఇంటిపేరూ మతమూ అడగకూడదని ఏజెన్సీ ముందే ఇంటివాళ్లకి చెప్పాలి. దళిత సంఘాలు, నర్సుల సంఘాలు, ఇంటిపనివాళ్ల సంఘాలు ఎవరి మటుకు వాళ్లు ఉంటే ఇది జరగదు. ఎందుకంటే ఈమె దళితురాలు, నర్సు, ఇంటిపని మనిషి, మూడూను.

ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటుంది సామెత. ఏమేం పట్టాలో, ఎన్ని గంటలు పట్టాలో, ఎంత కూలికి పట్టాలో ముందు కాగితం మీద రాయమందాం. ఒప్పుకునేదీ మానేదీ ఆ తర్వాత మాట.