జ్వరమునకు నెత్తుటి సాక్ష్యము

వేసవి ముదిరినపుడు రెంటచింతల పేరు రాష్ట్రములోని అత్యుష్ణస్థలముల వరుసలో తఱచుగ కానవచ్చును. ఆ ప్రాంతపు టెండలో పిడుగురాళ్ల సున్నపుబట్టీకడ పనిచేయుచు స్పృహదప్పి, ఒడలు కాలిపోవుచుండగా గుంటూరు పెద్దాసుపత్రికి చేర్పబడినవానిని జూచినపుడు, ఆ తాపము వడదెబ్బవలన గలిగినదా, లేక ఊపిరితిత్తులలోనో మూత్రమార్గములోనో బలిసిన బాక్టీరియా తెచ్చిన సెప్సిస్ వలన అవయవములు చెడుచున్నవా యను సంశయము వైద్యునకు తొలిగడియలలోనే కలుగును. నెత్తురును కల్చరుకు పంపినచో ఫలితమునకు ఒకటి రెండు దినములు పట్టును, ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు ముందే యాంటీబయాటిక్ సూది వేసి పంపెనేని (వేయకుండ పంపుట అరుదు) అందేమియు మొలవకపోవచ్చును.

ఈ వ్యవధిలో సాక్ష్యమీయగల పదార్థములు రక్తమునందే కలవు. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థయందు టిలెట్, ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తరసమున కనుగొన్న సి.ఆర్.పి. (సి-రియాక్టివ్ ప్రోటీన్) వానిలో పాతది, కాని శస్త్రచికిత్స జరిగినను, ఒడలు కాలినను, కీళ్లు వాచినను కాలేయము దానిని విడుదల చేయును గనుక దాని మాట సగమే వినదగును.

1993లో పారిసు వైద్యులు వెలుగులోనికి దెచ్చిన ప్రోకాల్సిటోనిన్ కథ వింతయైనది. ఇది 116 అమైనో ఆమ్లముల గొలుసు. ఆరోగ్యవంతునియందు థైరాయిడ్ గ్రంథి దీనిని ఛేదించి కాల్సిటోనిన్ అను హార్మోనుగ మార్చుకొనును గాన రక్తమున దాదాపు కానరాదు. బాక్టీరియా విజృంభించినపుడో, కాలేయము, కొవ్వు, కండరము మొదలుగా ఆ గ్రంథితో ఏ సంబంధమును లేని భాగములన్నియు దీనిని తయారుచేయ మొదలిడును; ఛేదించు నేర్పు వానికి లేదు కావున అది యథాతథముగ రక్తమున జేరి కొద్ది గంటలలోనే పెరుగును. వైరస్ జ్వరములలో వెలువడు గామా ఇంటర్‌ఫెరాన్ ఈ యుత్పత్తిని అణచును గాన వానిలో ఇది అంతగా పెరుగదు.

ఇంతమాత్రముచే ప్రోకాల్సిటోనిన్‌ను న్యాయాధిపతిని చేయరాదు. 30 అధ్యయనములలోని 3,244 మంది రోగుల లెక్కలను 2013లో కూర్చి చూడగా, సెప్సిస్ గల నూర్గురిలో 77 మందినే ఇది పట్టుకొనినది. ఇన్‌ఫెక్షన్ లేకయే అవే లక్షణములతో నున్న నూర్గురిలో 21 మందిపై అపవాదు మోపినది. మన బట్టీ కూలీ విషయమున చిక్కు మఱింత. తీవ్రమైన వడదెబ్బలో ప్రేవుల గోడ సడలి అందలి బాక్టీరియా విషములు రక్తములోనికి జాఱుటచేతను, కణజాలము దెబ్బతినుటచేతను ప్రోకాల్సిటోనిన్ తానుగనే పెరుగవచ్చును. కావున పెద్ద అంకెను జూచి ఎండను నిర్దోషిగ విడువరాదు. చిన్న అంకెను జూచి యాంటీబయాటిక్‌ను ఆపి కూర్చుండుట అంతకంటె ప్రమాదము. మందు మొదలిడుటకు ఈ పరీక్షపై ఆధారపడవలదనియే 2021 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకములును సూచించినవి.

మందు మానుటకు మాత్రము ఇది అక్కఱకు వచ్చును. దీని అర్ధాయువు సుమారొక దినము. చికిత్స పనిచేయుచున్నచో దినదినము సగమగుచుండును. 2016లో ప్రకటితమైన నెదర్లాండ్స్ పరిశోధనయందు, 1,500కు పైబడిన ఐ.సి.యు. రోగులలో సగముమందికి, ఈ అంకె గరిష్ఠమునుండి ఐదవవంతుకు దిగినపుడు గాని లీటరుకు 0.5 మైక్రోగ్రాములకు తగ్గినపుడు గాని మందు మానవచ్చునని సలహా యీయగా, మామూలుగ ఏడు దినములు సాగు చికిత్స ఐదింటితో ముగిసెను, మరణములు పెరుగలేదు. మూత్రపిండములు చెడినవారియందు ఈ తగ్గుదల మందగించును గనుక, వాని పనితీరును దెలుపు క్రియాటినిన్‌ను గూడ ప్రక్కనుంచుకొని వరుసదినముల అంకెలను కలిపి చదువవలసియుండును.