ఓడరేవు అడుగుబురదలో జీవరాశి

కంచరపాలెము నుండి రైలుపట్టాలు దాటి, జ్ఞానాపురము మీదుగా పోయినవారికి విశాఖపట్టణపు లోపలి రేవుయొక్క ఉత్తర భుజము ఎదురగును. నేడు అచటి ధక్కాలను, క్రేనులను, నిలిచిన ఓడలను చూచువారికి, ఈ తావెల్ల ఒకప్పుడు సముద్రపు పోటుకు నిండుచు, పాటుకు తీయుచు, మేహాద్రిగెడ్డ తెచ్చు మంచినీటితో ఉప్పునీరు కలిసెడి బాడవగా నుండెనని తోచుట కష్టము. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారము కావలసివచ్చి, ఆ బాడవను డ్రెడ్జర్లతో త్రవ్వి, డాల్ఫిన్స్ నోస్ కొండప్రక్కగా కాలువ తీసి, 1933 అక్టోబరు 7వ తేదీన ఓడలకు తెరచిరి. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు లాంఛనముగా ప్రారంభోత్సవము జరిపెను. లోతును, అలలను, ఇసుక నడకను ఎంతో శ్రద్ధతో కొలిచిన ఆనాటి ఇంజనీర్లకు బురదలోని ప్రాణులను లెక్కించుట తమ పనిగా తోచలేదు. సముద్రపుటడుగు జీవులను వైశాల్యమునకు ఇన్నని లెక్కకట్టు పద్ధతిని డెన్మార్కులో పీటర్సన్ అంతకు మునుపే నెలకొల్పియుండినను, ఆ విద్య రేవుల నిర్మాణము దాక రాలేదు. త్రవ్వకమునకు ముందటి ఉప్పుటేటి అడుగున ఎవరుండిరో తెలుపు పట్టిక లేకపోవుట పూడ్చరాని లోటు.

ఇంతకును బురదనే ఏల పరీక్షింపవలెను? నీరు పోటుపాటులతో మారిపోవును. ఉదయము ముంచిన సీసాలో కనబడిన మాలిన్యము సాయంకాలమునకు కానరాకపోవచ్చును. నీరు చెడినచో చేప ఈదిపోవును. బొరియలు చేసికొని యుండు పాలీకీటు పురుగులు, అనగా వానపాములకు దాయాదులైన సముద్రపు పురుగులు, చిన్న ఆల్చిప్పలు, రొయ్యల వర్గమునకు చెందిన చిరుప్రాణులు అట్లు పోజాలవు. నెలల తరబడి తమ మీదుగా ఏ నీరు సాగెనో, ఏ మడ్డి పేరుకొనెనో, ఎన్నడు ప్రాణవాయువు కొరవడెనో, అదంతయు ఏ జీవి మిగిలెను, ఏది నశించెను అను లెక్కలో నిలిచియుండును. ఈ పురుగుల బొరియల వెంబడి ప్రాణవాయువుగల నీరు బురదలోనికి దిగును. చేపలు, రొయ్యలు, పీతలు పెక్కింటికి ఇవియే ఆహారము.

పరీక్షకు వాడు పరికరము వాన్ వీన్ గ్రాబ్. ఇసుక కదలికను పరిశోధించుచుండిన హాలెండు ఇంజనీరు యోహాన్ వాన్ వీన్ దీనిని రూపొందించెను. తెరచిన దోసిలివలె రెండు ఉక్కు దవడలను కొక్కెముతో నిలిపి, పడవనుండి త్రాటితో దింపగా, అడుగు తాకి త్రాడు వదులైనంతనే కొక్కెము జారును. పైకి లాగుకొలది దవడలు మూసికొని, సాధారణముగా చదరపు మీటరులో పదవవంతు మేర బురదను పట్టితెచ్చును. ఆ బురదను వెంటనే కడుగరాదు. ముందు చూడవలెను, వాసన పట్టవలెను. పైని గోధుమవన్నె పొర ప్రాణవాయువు గల భాగము. దాని క్రింద నల్లని మడ్డి, కుళ్ళిన గ్రుడ్డు కంపు కొట్టు హైడ్రోజన్ సల్ఫైడుతో కూడినది. గోధుమ పొర పలుచనగుకొలది పురుగులకు ఊపిరాడు చోటు తగ్గుచున్నదన్నమాట. పిదప అర మిల్లీమీటరు కన్నుల జల్లెడలో మెల్లగా సముద్రజలము పోసి కడిగి, మిగిలినదానిని ఫార్మలిన్‌లో నిలువచేసి, రోజ్ బెంగాల్ అను రంగు కలుపుదురు. ప్రాణుల దేహములు గులాబివన్నె తాల్చి చెత్తనుండి విడివడి కనబడగా, ఒక్కొక్కదానిని చిమటాతో ఏరి, భూతద్దము క్రింద జాతి నిర్ణయించి, లెక్కింతురు. పురుగులు ఒకచోట గుమిగూడి మరొకచోట లేకుండుటయు కలదు గనుక, ఒక్క గ్రాబుతో తీర్పు చెప్పువాడు తొందరపాటువాడు.

ఈ రేవు అదృష్టమేమనగా, చెంతనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్ర శాఖ ఉండుట. అచటి ఆచార్యులు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ గారలు 1970ల నుండి రేవు మాలిన్యమును పరిశీలించిరి. పాలీకీటులపై వారి వ్యాసము 1983లో వెలువడగా, 23 ఏండ్ల పరిశోధనల సారమును రామన్ గారు 1995లో ప్రకటించిరి. నగరపు మురుగును, కర్మాగారముల వ్యర్థములును చేరిన నీటిలో వారికి దొరికిన ముఖ్యజీవి క్యాపిటెల్లా క్యాపిటేటా: దారమంత సన్నని, ఎర్రని పురుగు. అది మురికిని ప్రేమించుటచే గాక, తక్కిన జీవులు తాళలేక తప్పుకొనుటచే ప్రబలును. కొలది వారములలోనే ఎదిగి పిల్లలు పెట్టును. ఇచటనే సామాన్యుడు పొరబడును: ప్రాణుల సంఖ్య హెచ్చుట ఆరోగ్యమునకు గుర్తు కాదు. సేంద్రియ పదార్థము పెరుగుకొలది లోతుగా త్రవ్వు పెద్ద జీవులు ముందుగా మాయమగును, చిన్నవి ఒకటి రెండు జాతులే వేలకొలది పెరుగును, తుదకు అవియు నశించునని పియర్సన్, రోజెన్‌బర్గ్ అనువారు 1978లో క్రమమేర్పరచిరి.

డ్రెడ్జింగ్ దెబ్బ వేరు విధమైనది. బురదతోబాటు అందలి జీవులును ఎత్తివేయబడును. లేచిన మడ్డి దూరమున దిగి ఆల్చిప్పల నీటిగొట్టములను పూడ్చును. లోపల దాగియున్న సల్ఫైడు, లోహములు తిరిగి నీటిలో కలియును. ఖాళీయైన నేలకు పురుగుల పిల్లలు నీటిలో తేలివచ్చి కొలది వారములలోనే కాపురము పెట్టును గాని, మెల్లగా పెరుగు ఆల్చిప్పలకు ఏండ్లు కావలెను. ఓడల రాకపోకలకై కాలువను తరచుగా త్రవ్వుచుండు రేవులో ఆ ఏండ్లు వాటికి దొరకవు. అందుచేత మురుగువలన కలిగిన హానియెంత, త్రవ్వకమువలన ఎంత అని వేరుపరచుటకు, పనికి ముందును, పని తరువాతను, పని జరుగని పోలిక చోటునందును ఋతువు ఋతువుకును ఒకే గ్రాబుతో, ఒకే జల్లెడతో లెక్క తీయవలెను. అట్టి పోలికకు భీమునిపట్టణము వద్ద గోస్తని మొగను పరికింపవచ్చును. వర్షర్తువున ఉప్పదనము పడిపోయినపుడు సహజముగనే మారు జీవరాశిని నిర్మాణము ఖాతాలో వ్రాయుట అన్యాయము. ఏ ఖాతాలోను వ్రాయకుండుట అంతకు మించిన అన్యాయము.

నిర్మాణముతో అతిథులును వత్తురు. కరేబియను ప్రాంతమునకు చెందిన మైటిలాప్సిస్ అను చిన్న గుల్ల 1960ల చివర ఈ రేవున కనబడి, ఉక్కు, కలప, రాయి ఏదైనను విడువక గుత్తులు గుత్తులుగా అంటుకొనెను. ఓడల వెంట వచ్చిన అది, ఉప్పు తగ్గినను, ఊపిరి కొరవడినను తట్టుకొనగలది. చెడిన రేవులో దానికి పోటీ తక్కువ.

ఏరిన పురుగులను లెక్క ముగిసిన పిమ్మట పారవేయుట నా దృష్టిలో మహాపరాధము. క్యాపిటెల్లా క్యాపిటేటా యని మనము పిలుచుచుండినది ఒక్క జాతి కాదనియు, చూపునకు ఒక్కటిగా నుండి సంతానవిధానమున భిన్నమైన పలు జాతుల గుంపనియు గ్రాస్లే దంపతులు 1976లో నిరూపించిరి. పేరు మారినపుడు పాత పట్టికలను సరిచూచుటకు పనికివచ్చునది సీసాలో నిలువయున్న పురుగే, దానిపై చీటీలో వ్రాసిన తేది, లోతు, స్థలములే.