నరం ద్వారా భోజనం – కాలేయానికి పరీక్ష

"అక్కా, మావారికి నెల రోజులుగా నరం ద్వారానే ఆహారం ఎక్కిస్తున్నారు. ఇప్పుడు కళ్ళు పచ్చబడ్డాయి. ఊరినుంచి కామెర్ల పసరు తెప్పించమంటారా?"

చెన్నైలో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను కదా, మన సంఘం కుటుంబాలనుంచి ఇలాంటి ఫోన్లు నాకు మామూలే. వద్దంటే వద్దన్నాను. పేగు ఆపరేషనైన మనిషి, నోటికి ఏమీ ఇవ్వకూడదన్నారు. పైగా అన్ని కామెర్లూ ఒకటి కావు. డాక్టర్లు స్కానింగు తీసి, ఎక్కించే మందు మోతాదు మార్చారు. ట్యూబు ద్వారా కొద్దికొద్దిగా ద్రవాహారం మొదలుపెట్టారు. కొన్ని వారాలకు పచ్చదనం తగ్గింది.

మనవాళ్ళు "గ్లూకోజు ఎక్కుతోందిగా, ఆకలుండదు" అంటారు. 5 శాతం గ్లూకోజు లీటరు సీసాలో ఉండేది 50 గ్రాముల చక్కెరే! నేను చెబుతున్నది అది కాదు. మాంసకృత్తులు, చక్కెర, కొవ్వు, విటమిన్లు అన్నీ కలిపి పెద్ద నరంలోకి ఎక్కించే పూర్తి భోజనం. ఒక పసిపాపను ఇలా పోషించిన సంగతి ఫిలడెల్ఫియా వైద్యులు 1968లో ప్రకటించారు. అప్పటినుంచి ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో!

అయితే పేగులోకి తిండి వెళ్తేనే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని వదులుతుంది. తిండి లేకపోతే ఆ రసం అక్కడే నిలిచి, చిక్కబడి మడ్డి కడుతుంది. తర్వాత రాళ్ళూ కావచ్చు. 1983లో ఫ్రెంచి వైద్యులు ఒక చిన్న అధ్యయనం చేస్తే, ఆరు వారాలు దాటిన రోగులందరిలోనూ మడ్డి కనిపించింది. నోటితో తినడం మొదలెట్టిన నాలుగు వారాలకు అది పోయింది కూడా. ఒక్కోసారి రాళ్ళు లేకుండానే పిత్తాశయం వాచి, జ్వరం, కుడి డొక్కలో నొప్పి వస్తాయి. అప్పుడు ఆలస్యం పనికిరాదు.

కాలేయం సంగతి వేరు. చక్కెర ఎక్కువైతే అక్కడ కొవ్వు పేరుకుంటుంది. నెలలు నిండని శిశువుల్లో పైత్యరసం కాలేయంలోనే నిలిచిపోయి, చివరికి కాలేయమే పాడవచ్చు. సోయా నూనెతో చేసే తెల్లని కొవ్వు మందు ఇందుకొక కారణమని తేలింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు దాని బదులు చేపనూనె మందు వాడి, చాలామంది పిల్లల్లో కామెర్లు తగ్గడం చూశారు. 2018లో అమెరికా ప్రభుత్వం ఆ మందును ఇలాంటి పిల్లలకు అనుమతించింది. మందు ఏదైనా, పేగుకు చుక్క చుక్కగానైనా పాలు అందితే మేలు.

ఇంటివాళ్ళు చేయగలిగిందీ ఉంది. మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం తెల్లగా వచ్చినా, చలిజ్వరం తగిలినా వెంటనే సిస్టరుతో చెప్పండి. లివరు రక్తపరీక్ష ఎప్పుడు చేశారో అడగండి. "ఈ రోజు ఒక చెంచా ఏమైనా ఇవ్వవచ్చా?" అని డాక్టరును రోజూ అడగడానికి మొహమాటపడకండి. చూడవచ్చిన చుట్టాలు జాలిపడి, ఎవరూ చూడకుండా ఇడ్లీ ముక్క పెట్టకుండా మాత్రం కాపలా కాయండి.