ఆర్పుట నేర్చిన చేయి

దీపము ఆరినదనుట అశుభమని తెలుగు ఇల్లాలు ‘దీపము కొండెక్కినది’ అనును. ఆర్పుమాటయే నోట రాకూడదని మన పెద్దల నియమము. కాని దీపము వెలిగించుటయే వృత్తిగా గలవాడు మొట్టమొదట నేర్వవలసినది ఆర్పుటయే. అతడే విద్యుత్ కార్మికుడు.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్ మొదలగు పేటలను ముంచివేసెను. మరునాటికి ప్రకాశం బ్యారేజి మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులకు మించిన వరద సాగెను. మునిగిన పేటలకు విద్యుత్ సిబ్బంది సరఫరా నిలిపివేసిరి. మేడలపై చిక్కుకొన్నవారికి దీపము లేదు; మోటారు తిరుగక త్రాగుటకు నీరు లేదు. పసిపిల్లలతో చీకటిలో కూర్చున్నవారికి అది నిర్దయగా తోచుట సహజము.

అయినను అది దయయే. మీటరు పెట్టెలు, గోడ స్విచ్చులు నీట మునిగినపుడు బురదనీరే తీగ యగును. ఇంటి కరెంటు 230 వోల్టులు. ఆంపియరులో ఇరువదవ వంతు విద్యుత్తు గుండె మీదుగా ప్రవహించినను ప్రాణము పోవచ్చును. దీపముల ఫ్యూజు సాధారణముగా 5 ఆంపియర్ల వరకు భరించును. కనుక మనిషి నేలకొరిగినను ఫ్యూజు కరుగదు. ఫ్యూజు కాపాడునది తీగను, మనిషిని కాదు. ఈ యొక్క వాక్యము ప్రతి పాఠశాలలోను నల్లబల్లపై వ్రాయదగినది.

వీథిలో తీగ తెగినపుడు లైన్‌మన్ వెంటనే స్తంభమెక్కడు. ముందు సబ్‌స్టేషను నుండి ‘లైన్ క్లియర్’ పొందును. అనగా అతడు చెప్పువరకు ఆ తీగకు విద్యుత్తు ఈయబోమను హామీ. పిదప ఏ.బి. స్విచ్చి తెరచి తాళము వేయును. తీగలో విద్యుత్తు లేదని పరీక్షించును. పనిచేయు చోటికి ఇరుప్రక్కల ఎర్తు రాడ్లు తగిలించును.

స్విచ్చి తెరచిన పిదప ఈ రాడ్లేల యని విద్యార్థి యడుగవచ్చును. సమీపమున ఎవరో తగిన ఏర్పాటు లేక జనరేటరును ఇంటి తీగలకు కలిపియుందురు. 11,000 వోల్టులను ఇంటికి తగినట్లు దించు ట్రాన్స్‌ఫార్మరే, ఆ జనరేటరు విద్యుత్తును మరల 11,000 వోల్టులకు పెంచి పైతీగలోనికి పంపగలదు. చచ్చినదనుకొన్న తీగ కాటువేయును. పని ముగిసిన పిదప తోడివారందరును దిగిరో లేదో చూచి, రాడ్లు తీసి, అప్పుడు గాని అతడు లైన్ క్లియర్ తిరిగి యీయడు.

కృష్ణా డెల్టాలో ఈ నియమమునకు పరీక్షలు మెండు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకొనెను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటెను. గాలివాన వచ్చినప్పుడెల్ల మెత్తని నేలలో స్తంభములు ఒరుగును. నాగాయలంక, కృత్తివెన్ను ప్రాంతముల రొయ్యల చెరువులలో ఏరియేటర్లు ఆగినచో, తెల్లవారుజామున నీటిలోని ప్రాణవాయువు తగ్గి, పంట యంతయు ఒక్క రాత్రిలో నశింపవచ్చును. అప్పుచేసి పెట్టుబడి పెట్టిన రైతు గట్టున నిలిచి ‘లైన్‌మన్ గారూ, కాస్త త్వరగా కానీయండి’ అని ప్రాధేయపడును. అతని తొందర న్యాయమైనదే. కాని ఆ తొందరకు లోబడి ఒక్క రాడ్డు తగిలించుట మానిన లైన్‌మన్ తిరిగి ఇల్లు చేరకపోవచ్చును.

ఇబ్రహీంపట్నము వద్ద 1979లో మొదటి యంత్రము తిరిగిన థర్మల్ కేంద్రమునకు, విద్యుత్ బోర్డు అధ్యక్షులుగా పనిచేసిన నార్ల తాతారావు గారి పేరు పెట్టిరి. అది ఉచితమే. స్తంభములకు మాత్రము అంకెలే గాని పేర్లుండవు. గాలివాన వెలిసిన రాత్రి మన యింట దీపము ఆలస్యముగా వెలిగినచో, ఆ ఆలస్యములోనే ఒక మనిషి క్షేమముగా స్తంభము దిగెనని తలచుట మన కనీస ధర్మము.